బాక్టీరియాకి కట్టిన గది

"అయితే టీచర్, సూదిమందు వాళ్ళిల్లు బాక్టీరియా అన్నమాట!"

రేడియో ఈ మాట అనగానే క్లాసంతా గొల్లుమంది. సూదిమందుకి మాత్రం ఒళ్ళు మండిపోయింది.

వాడికి నోరు మూతపడదు కాబట్టి రేడియో అయ్యాడు. ఆ అమ్మాయి మాట చురుక్కున గుచ్చుకుంటుంది కాబట్టి సూదిమందు అయింది. అసలు పేర్లు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా వినపడవు.

నిజానికి సైన్స్ టీచర్ చెప్పింది చక్కని పోలికే. "బాక్టీరియా కణం ఒకే గది ఇల్లు లాంటిది. డి.ఎన్.ఏ. కూడా ఆ గదిలోనే చుట్టలా పడి ఉంటుంది. అది కేంద్రకపూర్వ కణం. మొక్కలు, జంతువులు, పుట్టగొడుగులు, మనం వేరే రకం. మన కణాల్లో డి.ఎన్.ఏ.కి కేంద్రకం అని విడిగా ఒక గది ఉంటుంది. అది నిజకేంద్రక కణం. అమీబాకి ఉన్నది ఒక్కటే కణం. అయినా దానికి కేంద్రకం ఉంది కాబట్టి అదీ మన జట్టే."

టీచర్ రేడియోని కసిరింది. ఏం లాభం? నవ్వాల్సినవాళ్ళు నవ్వేశారు.

సూదిమందు వాళ్ళది నిజంగానే ఒకే గది ఇల్లు. కిటికీ పక్కన అమ్మ కుట్టుమిషన్, మూలన పొయ్యి, పగలు చుట్టేసి పెట్టే పరుపులు. అందులో నవ్వడానికి ఏముంది? వాళ్ళేమైనా ఎవరి గదైనా అడిగారా?

మధ్యాహ్నం అందరూ రంగుల మట్టితో కణాల బొమ్మలు చేశారు. మర్నాడు చిన్న తరగతుల పిల్లలకి అవి చూపించాలి. సూదిమందు వంతుకి బాక్టీరియానే వచ్చింది! పుండు మీద కారం చల్లినట్టయింది.

పళ్ళు కొరుకుతూనే బొమ్మ చేసింది. మధ్యలో ఎర్ర దారం చుట్ట పెట్టింది. అదే డి.ఎన్.ఏ. తర్వాత ఒక్క క్షణం ఆగి, పసుపు మట్టి తీసుకుని దారం చుట్టూ గోడ కట్టేసింది.

"ఏయ్, బాక్టీరియాకి గదేంటే?" అన్నాడు రేడియో.

"నీ పని నువ్వు చూసుకో. ఇప్పుడు నవ్వు చూద్దాం!"

మర్నాడు ముందుగా నాలుగో తరగతి పిల్లలు బిలబిలమంటూ వచ్చారు. వాళ్ళలో సూదిమందు చెల్లెలు చిట్టి కూడా ఉంది. టీచర్ అవతలి బల్ల దగ్గర మైక్రోస్కోప్ సర్దుతోంది. సూదిమందు తల ఎగరేసి చెప్పింది. "బాక్టీరియాకి కూడా గది ఉంటుంది. బాగా చూడండి."

చివర్లో టీచర్ అడిగింది. "మన కణానికీ బాక్టీరియాకీ తేడా ఏంటి?"

అందరికంటే ముందు చిట్టి చెయ్యెత్తింది. "ఏం తేడా లేదు టీచర్! రెండిటికీ కేంద్రకం ఉంటుంది!"

సూదిమందు క్లాసు పిల్లలు కిసుక్కున నవ్వారు. "తప్పు, తప్పు! పుస్తకంలో అలా లేదు!" అని ఎవరో అరిచారు.

చిట్టి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా తగ్గలేదు. "పుస్తకమే తప్పు! మా అక్క తప్పు చెప్పదు!"

సూదిమందు చెల్లెలి పక్కకి వచ్చి నిలబడింది. నిన్న తన మీద పడిన నవ్వు ఇవాళ చెల్లెలి మీద పడింది. పడేలా చేసింది తనే.

"తప్పు నాదే టీచర్. ఆ గది నేనే కట్టాను," అంది.

"ఎందుకమ్మా?"

"ఒకే గది అంటే అందరికీ నవ్వులాట కాబట్టి! మా అమ్మ బట్టలు కుట్టేది అక్కడే, వంట అక్కడే, మేం చదువుకునేదీ అక్కడే. మాకేం తక్కువైంది?"

రేడియో తల దించుకుని తన జంతుకణం బొమ్మని సర్దుకోసాగాడు.

టీచర్ దగ్గరికొచ్చింది. "ఏం తక్కువ కాలేదు. బాక్టీరియాకీ అంతే. తినడం, పెరగడం, ఒకటి రెండవడం, అన్నీ ఆ ఒక్క గదిలోనే. మనకంటే ఎంతో ముందు నుంచీ ఈ భూమ్మీద బతుకుతున్నాయి. నిన్న ఈ సంగతి చెప్పకుండా వదిలేశాను, పొరపాటు నాది కూడా."

సూదిమందు బొమ్మలోంచి పసుపు గోడని ఊడబెరికింది. ఎర్ర దారం చుట్ట అలాగే మిగిలింది. ఆ పసుపు మట్టిని రేడియో చేతిలో పెట్టింది.

"నీ జంతుకణంలో కేంద్రకం గదికి గోడ సగమే ఉంది. ముందు అది కట్టుకో."

వాడు మట్టి తీసుకుని గోడ కట్టడం మొదలుపెట్టాడు.

"చిట్టీ, ఇటు రా. దీనికి కేంద్రకం లేదు. మరి డి.ఎన్.ఏ. ఎక్కడుంది?"

చిట్టి ముక్కు తుడుచుకుని, వంగి చూసింది. "అదిగో, గదిలోనే. మన కుట్టుమిషన్‌లాగా!"

అంతలో ఇంకో తరగతి పిల్లలు గుమ్మంలోకి వచ్చారు. సూదిమందు బొమ్మని రెండు చేతులా పైకెత్తింది.

"ఇది బాక్టీరియా. ఒకే గది ఇల్లు, మా ఇల్లు లాంటిది. రండి, లోపల ఏమేం ఉన్నాయో చూపిస్తాను."