దీపం వేళ ఆపని కంప్యూటర్

శనివారం పొద్దున జనగామలో అత్తింటివాళ్ల కిరాణా హోల్‌సేల్ దుకాణం షట్టరు ఎత్తకముందే నిఖిత ఫోన్ మోగింది. ఆఫీసు మేనేజర్ మాటలు విని చేతిలోని టీ పక్కన పెట్టేసింది. రాత్రి ఆమె కనెక్షన్ నుంచి బూతు సైట్ల పేర్లు ఆఫీసు సర్వరుకు వచ్చాయట. సాయంత్రంలోగా సమాధానం చెప్పకపోతే ఉద్యోగం ఉండదట.

దుకాణం వెనక గదిలో కంప్యూటర్ ఒక్కటే. మామ నర్సింగరావు బిల్లులూ అందులోనే, కోడలి ఆఫీసు పనీ అందులోనే. లక్ష్మి వెళ్లిపోతుందని శుక్రవారం దీపం పెట్టాక గల్లాపెట్టె మూయని ఇల్లది. బిల్లులు కొట్టే కంప్యూటర్ కూడా గల్లాతో సమానమని అత్త వనమాల దాన్నీ ఆపనివ్వదు. నిన్న నిఖిత తెర మాత్రం ఆర్పింది, ఆఫీసుకు కలిపే వీపీఎన్ తీయడం మరిచింది.

భర్త రవితేజను నిలదీసింది. అతను కాసేపు బుకాయించి, చివరికి తల దించుకున్నాడు.

"చూసిన. ఇప్పుడేమంటవు? మా బాపు చూసిండని చెప్పు. పెద్దమనిషి, తెల్వక నొక్కిండంటే వదిలేస్తరు."

నిఖిత అతని దగ్గర్నుంచి వెనక్కి జరిగింది. "ఛీ! నీ పక్కన నిలబడాలంటేనే రోతగున్నది. కన్నతండ్రి మొహానికి పూస్తవా?"

అగరొత్తులతో నర్సింగరావు గుమ్మంలోనే ఉన్నాడు.

"నా పేరెందుకొచ్చింది బిడ్డా?"

"మామయ్యా, వీపీఎన్ ఉన్నంతసేపు ఏ సైటు కొట్టినా, ఆ సైటు ఎక్కడున్నదని కంప్యూటర్ మా ఆఫీసునే అడుగుతది. నేనే గట్ల పెట్టిన. ఇంట్ల ఏం చూసినా వాళ్లకు తెలుస్తది. రాత్రి ఈయన చూడరానివి చూసిండు. నా కొలువు పోయేటట్టున్నది."

ఆయన కొడుకు వైపు చూశాడు. రవితేజ మొహం తిప్పుకున్నాడు.

"ఫోన్ కలుపు బిడ్డా. నేనే చూసిన్నని చెప్త. నీ కొలువు నిలవాలె."

వనమాల వంటింట్లోంచి పరుగున వచ్చింది. "ఏం మాటలు గవి! ఈ వయసుల గంత నింద మీదేసుకుంటరా?"

"కొడుకే ఏసిండు కదా. ఏసుకుంట."

ఆయన ఫోన్ కోసం చెయ్యి చాపాడు. అగరొత్తుల బూడిద రాలి చొక్కా మీద పడింది. అది చూసి రవితేజ ముందుకు వచ్చాడు. నిఖిత చేతిలోంచి ఫోన్ తీసుకుని తనే కలిపాడు.

"సార్, నిఖిత భర్తను. అవి చూసింది నేనే. ఆమెకేం తెల్వది, మా బాపుకు అసలే తెల్వది."

అవతల మేనేజర్ చాలాసేపు చీవాట్లు పెట్టాడు. ఈసారికి హెచ్చరికతో వదిలి, వెంటనే స్ప్లిట్ డీఎన్‌ఎస్ పెట్టుకొమ్మని నిఖితకు చెప్పాడు. ఆమె సెట్టింగులు మార్చింది. ఇక కంపెనీ సైట్లు ఎక్కడున్నాయని మాత్రమే ఆఫీసును అడుగుతుంది కంప్యూటర్. మిగతావన్నీ ఇంటి ఇంటర్నెట్‌నే అడుగుతుంది.

"అంటే ఇగ మనింటి సంగతి ఆళ్లకు పోదా?" అంది వనమాల కళ్లు తుడుచుకుంటూ.

"పోదత్తమ్మా. కానీ మనకు తెలుసు కదా."

నర్సింగరావు రోజూలాగే కుంకుమ భరిణె తెచ్చాడు. కంప్యూటర్‌కు బొట్టు పెట్టబోయి ఆగిపోయాడు.

"ముందు తుడువురా. రోజూ దండం పెట్టుకునే దాన్ని ఇయ్యాల ముట్టబుద్ధైతలేదు నాకు."

రవితేజ భోరుమన్నాడు. ఏడుస్తూనే భుజం మీది తువ్వాలతో కీబోర్డు తుడవసాగాడు. నిఖితకు అతని మీద రోత ఇంకా పోలేదు. అయినా బకెట్లో తడిపిన గుడ్డ పిండి అతనికి అందించింది.

"దీనితోని తుడువు. మూలలు గూడా."