నాలుగో నంబరు బొమ్మ

ఆ ఆదివారం పొద్దున దిలీప్ దగ్గరున్న మొత్తం తొమ్మిది వేల నాలుగు వందల రూపాయలు. సాయంత్రానికి మిగిలింది నాలుగు వందలు. మిగతా తొమ్మిది వేలూ ఏ ఇంటి మీద పెట్టాడో చెబితే, తార్నాకలో ఎవరైనా సరే ముందు అతని మొహం చూసేవాళ్లు, ఆ తర్వాత పాదాలు తిన్నగా ఉన్నాయో లేదో అని కిందికి చూసేవాళ్లు.

ఎందుకంటే అది బొమ్మామె ఇల్లు.

యూనివర్సిటీ ప్రహరీ గోడలో ఒకచోట రాళ్లు ఊడిపోయి మనిషి పట్టేంత సందు ఉంది. హాస్టళ్ల నుంచి తార్నాకకు అదే అడ్డదారి. ఆ సందు దాటగానే కుడిచేతి వైపు మొదటి ఇల్లు. మూడు మెట్లు, రంగు వెలిసిన తలుపు, పక్కన పెద్ద కిటికీ. ఐదేళ్లుగా అందులో ఎవరూ ఉండటం లేదు. కరెంటు మీటరు కూడా పీక్కుపోయారు.

కిటికీ అద్దంలోంచి చూస్తే ఎదురు గోడ మీద ఒక బొమ్మ కనబడుతుంది. పచ్చటి మిట్ట, సన్నటి వాగు, పొడుగాటి చెట్లు, నాలుగు గొర్రెలు. వాటి మధ్య తలకు నీలి రిబ్బను కట్టుకున్న ఫ్రెంచి పిల్ల, ఎవరి కోసమో ఎదురుచూస్తున్నట్టు.

ఆ పిల్ల కుదురుగా ఉండదు.

పొద్దున చూస్తే గొర్రెపిల్లను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటుంది. మధ్యాహ్నం అదే ఫ్రేములో, అదే గోడ మీద — వాగులో కాళ్లు పెట్టుకుని ఉంటుంది. సాయంత్రానికి బుట్ట చంకన పెట్టుకుని, మనకు వీపు తిప్పి, మిట్ట దిగిపోతూ ఉంటుంది.

ఇక రాత్రి...

"రాత్రి ఉండదు," అనేవాడు గోడ సందు దగ్గర చాయ్ బండి పెట్టే వీరస్వామి, గొంతు తగ్గించి. "ఒట్టి ఫ్రేమే ఉంటది. పిల్ల లేదు, గొర్రెల్లేవు, గడ్డి గూడ లేదు. అంతా బయటికొస్తది. మొన్న హాస్టల్ పోరడొకడు గంట సప్పుడు ఇన్నడట. గొర్రె మెడల గంట! నేనైతే ఎనిమిదింటికల్ల బండి కట్టేస్త భై."

దిలీప్ భువనగిరి అవతలి పల్లె నుంచి వచ్చినవాడు. బీకాం అయ్యాక అడిక్‌మెట్‌లో గది తీసుకుని, పాత ఫ్రేములు, పాత గడియారాలు కొని ఫోన్‌లో అమ్ముకుంటున్నాడు. దెయ్యాల సంగతి అతనికి తెలియదు. లెక్కలు మాత్రం నోటి మీద చేసేస్తాడు. ఆ బొమ్మను మూడు పూటలా ఫొటో తీశాడు. వేళ్లతో పెద్దది చేసి చూశాడు. అడుగున ఫ్రెంచిలో ఏదో రాసి ఉంది — అది అతనికి రాదు. కుడి మూల చిన్న అంకె ఉంది — అది వచ్చు.

పొద్దుటి బొమ్మ మీద ఒకటి. మధ్యాహ్నం బొమ్మ మీద రెండు. సాయంత్రం బొమ్మ మీద మూడు.

దిలీప్ చాయ్ గ్లాసు కింద పెట్టి గట్టిగా నవ్వాడు. "తాతా, పిల్ల యాడికీ పోతలేదు. బొమ్మలే వేరు. అదొక సెట్టు. ఎవరో పూటపూటకు మారుస్తున్నరు."

"తాళమేసిన ఇంట్లకు వచ్చి మారుస్తున్నరా?" వీరస్వామి గ్లాసు తీసి బకెట్‌లో ముంచాడు. "లెక్క మంచిగనే జెప్తున్నవ్. రాత్రిపూట పోయి జెప్పు."

హోటళ్ల గదులకు పాత బొమ్మలు కొనే జ్యోతిర్మయి అనే ఆవిడకు దిలీప్ ఆ ఫొటోలు పంపాడు. పది నిమిషాల్లో ఆవిడే ఫోన్ చేసింది. రాయి మీద గీసి అచ్చు తీసిన బొమ్మలట అవి. లితోగ్రాఫులు. పారిస్‌లో నూట యాభై ఏళ్ల కింద అచ్చయినవి. ఒకే పిల్ల, రోజులో నాలుగు పూటలు — ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి.

"మూడే ఉంటే నలభై వేలు ఇస్తాను. నాలుగూ ఉంటే లక్షా ఎనభై."

దిలీప్‌కు ఆ రాత్రి నిద్ర లేదు. హబ్సిగూడలో టిఫిన్ సెంటర్ పక్కన దుకాణం పెట్టుకోవడానికి ఒక చిన్న షట్టర్ చూసి పెట్టుకున్నాడు. అడ్వాన్సు లక్షన్నర. సోమవారం సాయంత్రం దాకా ఆగుతానన్నాడు ఓనరు. ఆ తర్వాత జిరాక్సు పెట్టేవాడికి ఇచ్చేస్తాడు. నలభై వేలతో ఆ షట్టర్ రాదు. నాలుగో బొమ్మ ఉంటే వస్తుంది. ఉండే ఉంటుంది. మూడు ఉన్నాక నాలుగు ఎక్కడికి పోతుంది?

ఆ ఇంటి యజమాని సుజాత మేడం యూనివర్సిటీలో ఫ్రెంచి చెప్పేదట. ఐదేళ్ల కింద చనిపోయింది. విశాఖపట్నంలో ఉన్న ఆమె మేనల్లుడు ఇమ్మానుయేల్ నంబరు పట్టుకున్నాడు దిలీప్.

"సోమవారం పొద్దున ఆరింటికి జేసీబీ వస్తుంది బ్రదర్," అన్నాడు ఇమ్మానుయేల్. "తొమ్మిది వేలు పంపించు. గోడ మీద ఏముంటే అది నీదే. తాళం సోమమ్మ దగ్గరుంటుంది, మా అత్తకు చివరిదాకా చేసిన మనిషి."

సోమమ్మ ఉండేది లాలాపేట్‌లో. ఆదివారం కదా, రాత్రి ప్రార్థన అయ్యాక వస్తానంది.

అలా దిలీప్ రాత్రి పదకొండున్నరకు ఆ గోడ సందు దాటాడు.

వీరస్వామి బండి మీద పట్టా కప్పి ఉంది. మెయిన్ రోడ్డు మీద ఆఖరి మెట్రో వెళ్లిపోయిన చప్పుడు... ఆ తర్వాత ఏమీ లేదు. ఎప్పుడూ వెంటపడే సందు కుక్కలు కూడా లేవు. దిలీప్ గేటు ముందు ఆగి కిటికీ వైపు చూశాడు.

ఒట్టి ఫ్రేము కనబడుతుందనుకున్నాడు.

కనబడలేదు. ఫ్రేములో ఆ పిల్ల ఉంది.

చేతిలో చిన్న దీపం. అదే నీలి రిబ్బను, సగం ఊడి భుజం మీద పడి ఉంది. వెనకాల చీకట్లో గొర్రెలు పడుకుని ఉన్నాయి. దీపం వెలుగు మొహం మీద పడుతోంది. సూటిగా రోడ్డు వైపే చూస్తోంది.

అతనికి భయం వేయలేదు. సంతోషంతో గుండె కొట్టుకుంది. నాలుగోది! రాత్రి బొమ్మ! సోమమ్మ ముందే వచ్చి, చూపిద్దామని తగిలించి, లోపల దీపం పెట్టినట్టుంది. ఫోన్ తీసి ఫొటో కొట్టాడు. జ్యోతిర్మయికి పంపాడు. 'మేడం, నాలుగూ దొరికాయి' అని కింద రాశాడు.

వెంటనే జవాబొచ్చింది. 'అద్భుతం! రేపు పదింటికి పట్టుకొచ్చెయ్. డబ్బు చేతికిస్తాను. నాలుగూ ఉండాలి సుమా.'

అప్పుడు వెనక నుంచి ఎవరో భుజం మీద చెయ్యి వేశారు.

"ఎంతసేపైంది బిడ్డా వచ్చి?"

దిలీప్ ఎగిరిపడ్డాడు. తెల్లచీర, చంకలో బైబిలు, పొట్టిగా ఒక ముసలామె. ఆమె వెనక ఆటో, అందులో ఆవలిస్తున్న డ్రైవరు.

"నువ్వు... నువ్వు లోపల లేవా అవ్వా?"

"లోపలేడుంట? ఇప్పుడే గదా దిగిన. ఎంకన్నా, పోకు, గీడనే ఉండు. పోను రాను రెండు వందలు గుంజుతున్నవ్, ఉండనీకె ఏమైంది?"

"మరి లోపల దీపం పెట్టిందెవరు?"

"దీపమా? కరెంటే లేకపాయె. నీ ఫోన్ వెలుగు అద్దంల పడ్డదేమో." సోమమ్మ నడక మొదలుపెట్టింది. "ఇట్ల రా. ముందటి తలుపు తియ్యరాదు. మేడం పోయిన దినం లోపలి కెల్లి గడియ పెట్టిన, మళ్ల తియ్యలే. నేను ఎనక సందుల కెల్లే వచ్చి పోత."

దిలీప్ తిరిగి చూశాడు. కిటికీ చీకటిగా ఉంది.

ఫోన్ వెలుగే అయి ఉంటుంది, అనుకున్నాడు. అనుకోవాలని అనుకున్నాడు.

వెనక తలుపు తీయగానే నొప్పుల మందు వాసన. ఐదేళ్లయినా పోలేదు. ముందు గదిలో కిటికీ కింద ఒక ఇనప మంచం, పరుపు లేదు. దిలీప్ ఫోన్ లైటు ఎదురు గోడ మీద వేశాడు.

ఒట్టి ఫ్రేము. లోపల గోధుమరంగు అట్ట.

లైటు గోడంతా తిప్పి చూశాడు. ఇంకేమీ లేదు.

సోమమ్మ మంచం కింది నుంచి ట్రంకు పెట్టె లాగి, తెల్లగుడ్డలో చుట్టిన బొమ్మలు మంచం మీద పరిచింది. గొర్రెపిల్ల బొమ్మ. వాగు బొమ్మ. బుట్ట బొమ్మ.

"మేడం మూడేండ్లు గీ మంచంల్నే పడుండె బిడ్డా. గడియారం సప్పుడు పడకపోయేది ఆమెకు. 'సోమమ్మా, నాకు బొమ్మ మార్చి టైము చెప్పవే' అనేది. లేవంగనే గొర్రెపిల్లను పెట్టాలె. అన్నం తిన్నంక వాగు. పొద్దుగూకితే బుట్ట. గట్ల అలవాటు పడ్డ. ఆమె పోయినంక గూడ చెయ్యి ఊకుంటలేదు. గీ పక్క సందులనే మూడిండ్లల్ల పని చేస్త గద, వచ్చి మార్చి పోత."

"మరి రాత్రి ఒట్టి ఫ్రేము ఎందుకు పెడతవ్?"

"రాత్రయితే రాత్రి బొమ్మనే ఉండాలె, వేరేది పెట్టొద్దు అన్నది మేడం. అది లేదు గద. అందుకే ఒట్టిగ ఉంచుత."

అంటే వీరస్వామి దెయ్యం ఈమే. వేరే వేళైతే దిలీప్ పడీపడీ నవ్వేవాడు.

"అవ్వా," అన్నాడు. "నీ భాగం నీకిస్త. ఇరవై వేలు. నాల్గోది ఏడున్నదో చెప్పు."

సోమమ్మ చటుక్కున తలెత్తింది. "నా మొకం జూస్తె దొంగమొకం లెక్క ఉన్నదా? దాన్ని మేడం శవపెట్టెల, ఆమె గుండెల మీద, నా చేతులతోని పెట్టిన. పాస్టరు గూడ చూసిండు. మట్టి కప్పినంకనే ఇంటికొచ్చిన."

"కానీ నేను చూసిన! ఇప్పుడే! దీపం పట్టుకొని నిలబడ్డది. ఫొటో గూడ ఉంది."

అతను ఫోన్ ఆమె చేతికిచ్చాడు. సోమమ్మ కొంగు చివరున్న కళ్లజోడు తీసి పెట్టుకుంది. చాలాసేపు చూసింది. చూస్తూ చూస్తూ మంచం అంచున కూర్చుండిపోయింది.

"రిబ్బను మా బొమ్మదే," అంది చివరికి. "దీపం గూడ గదే. కానీ బిడ్డా... మా బొమ్మల పిల్ల తల వంచుకొని, దీపం దిక్కు చూస్తుంటది. పదహారేండ్లు తుడిచిన నేను." ఫోన్ అతని చేతిలో పెట్టేసింది. "ఈమె మనల్ని చూస్తున్నది."

దిలీప్ వేళ్లతో ఫొటో పెద్దది చేశాడు. కుడి మూల... మసకగా... అయినా పోల్చుకోవచ్చు.

నాలుగు.

"నడువు," అంది సోమమ్మ, బొమ్మలు గబగబా చుట్టేస్తూ. "మూడింటిని తీస్కో. నాల్గోదాన్ని లెక్కల పెట్టకు."

ఫ్రేమును గోడ మీదే వదిలేశారు. వెనక తలుపుకు దిలీపే తాళం వేశాడు, సోమమ్మ చేతుల్లో బొమ్మల మూట ఉంది కాబట్టి. సందు తిరిగి ముందు గేటు దగ్గరికొచ్చారు. ఎంకన్న నిద్రపోతున్నాడు. సోమమ్మ బొమ్మల మూటతో ఆటో ఎక్కి, అతని భుజం గిల్లి లేపింది.

దిలీప్ ఎక్కలేదు.

జేబులో ఫోన్ మళ్లీ మోగింది. జ్యోతిర్మయి. 'నాలుగోది దగ్గర్నుంచి ఇంకో ఫొటో తీసి పంపు. అది లేకపోతే మిగతావి నాకొద్దు.'

నలభై వేలు కూడా పోయింది. చేతిలో నాలుగు వందలు. ఆరింటికి జేసీబీ. సాయంత్రానికి షట్టర్ జిరాక్సువాడిది.

అతను తలెత్తాడు.

కిటికీలో దీపం వెలిగింది. ఫ్రేములో పిల్ల ఉంది. ఈసారి రిబ్బను పూర్తిగా ఊడి, జుట్టు భుజాల మీద పడి ఉంది.

"దిలీపూ," అంది సోమమ్మ ఆటోలోంచి, గుసగుసగా. "అటు చూడకు బిడ్డా. ఎక్కు."

"ఒక్క నిమిషం అవ్వా. అద్దం దగ్గరికి పోయి ఒక్క ఫొటో తీసుకొస్త."

గేటు తోశాడు. ఎక్కడో చిన్నగా గంట మోగింది. గొర్రె మెడలో కట్టేలాంటిది. పల్లెలో పెరిగిన దిలీప్‌కు ఆ చప్పుడు బాగా తెలుసు.

మొదటి మెట్టు ఎక్కాడు. ఫోన్ పైకెత్తాడు. తెరలో కిటికీ, కిటికీలో గోడ, గోడ మీద ఫ్రేము... మిట్ట ఉంది. చెట్లున్నాయి. గొర్రెలున్నాయి.

పిల్ల లేదు.

దీపం వెలుగు మాత్రం ఉంది. మెల్లగా కదులుతోంది. గోడ మీంచి మంచం మీదికి, మంచం మీంచి తలుపు వైపుకి.

రెండో మెట్టు ఎక్కాడు.

వెనక తలుపు తాళంచెవి అతని గుప్పిట్లోనే ఉంది. ముందు తలుపు గడియ ఐదేళ్లుగా ఎవరూ తీయలేదు. అది ఇప్పుడు లోపలి నుంచి, కీచుమంటూ... ఆగి... మళ్లీ కీచుమంటూ, పూర్తిగా జరిగింది.

తలుపు సందులోంచి సన్నటి వెలుగు మూడో మెట్టు మీద పడింది.

దిలీప్ కాలెత్తాడు.