ఖాళీ రోడ్డు మీద చుక్క

మైదుకూరు దాటాక రోడ్డు పక్కన కారాపి, మెహనాజ్ ట్యాబ్‌లో మ్యాప్ చూస్తోంది. ఎర్రచుక్క దగ్గరికొచ్చింది. ఆమె ఉన్న చోటికి చేరింది. ఆమెను దాటి కడప వైపు పోయింది.

తలెత్తి చూసింది. రోడ్డు మీద ఒక్క బండి లేదు. మధ్యాహ్నపు ఎండకు తారు మెరుస్తోంది, అంతే.



చుక్క ఓ పాల ట్యాంకర్‌ది. పొద్దున కర్నూలులో బయలుదేరిన ఆ ట్యాంకర్‌లో పాలు లేవు, క్షిపణి గైడెన్స్ యూనిట్ ఉంది. దాని కోసం ఓ విదేశీ ముఠా కాచుకుని ఉందని నిఘా విభాగం చీఫ్ ఓబుళేశుకు కబురందింది.

"మెడికల్ రెప్ వేషంలో నువ్వు ముందర పో. దారి చూసుకుంటా పో. ట్రాకింగ్ డెస్కు శివలీల చూసుకుంటాది," అన్నాడాయన.

మెహనాజ్ శివలీలకు ఫోన్ చేసింది. "వాన పడతాందా?" ట్యాంకర్‌కు ఏమైనా ఇబ్బందా అని ఆ మాటకు అర్థం.

"చినుకు కూడా లేదు. నీ ముందరే పోతాండాది కదా!" తియ్యటి గొంతు. ఆ గొంతుకూ, ఆ పట్టుచీరలకూ ఆఫీసులో పడిపోని మగాడు లేడు.

నిరుడు ఇదే దారిలో ఏసురాజు చుక్క కూడా ఇట్లాగే పోయింది. అతను మెహనాజ్ పార్ట్‌నర్. చుక్క కడప చేరడం చూసి ఆమె నిశ్చింతగా అన్నం తింది. తర్వాత అతని శవం చాగలమర్రి దగ్గర ఎండిపోయిన బావిలో దొరికింది. చుక్క కడప చేరకముందే ప్రాణం పోయిందన్నారు డాక్టర్లు. హంతకులు ఫోన్ తీసుకుపోయి ఉంటారని రాసి ఫైలు మూసేశారు. ఆనాటి ముద్ద ఆమెకింకా గొంతు దిగలేదు.

మ్యాప్ మూసి, దాని వెనకున్న అంకెల టేబుల్ తెరిచింది. నిమిషానికో వరస. చాగలమర్రి దాకా దూరం అడ్డదిడ్డంగా పెరిగింది. బండి ఏ గొర్రెల మందకో ఆగినట్టుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించినట్టుంది. ఆ తర్వాత ప్రతి వరసకూ సరిగ్గా ఎనిమిది వందల మీటర్లు.

బండి నడక ఇట్లా ఉండదు. మొదలెక్కడ, ఆఖరెక్కడ, ఒక్కోసారి ఎంత పెంచాలి అనే మూడు సంగతులు చెబితే, అనాలిసిస్ సాఫ్ట్‌వేర్ మధ్య వరసలన్నీ తానే పుట్టిస్తుంది. ఇవి అట్లా పుట్టించినవే.

నిరుటి టేబుల్ తీసింది. ఏసురాజు ఆఖరి ప్రయాణం. అవే ఎనిమిది వందలు.

చచ్చిపోయిన మనిషిని ఎవరో కడప దాకా నడిపించారు. ఆ టేబుల్‌లో చెయ్యి పెట్టగలిగేది ట్రాకింగ్ డెస్కు ఒక్కటే.

చీఫ్ సొంత నంబరుకు చేసింది. "సార్, డెస్కును నమ్మొద్దు. చాగలమర్రికి పోలీసుల్ని పంపండి!"

కారు వెనక్కి తిప్పింది. ఎగుడుదిగుడు అంకెలు ఆగిపోయిన చోట, మట్టిదారి చివర, మూతపడిన బండల ఫ్యాక్టరీ ఉంది. లోపల ట్యాంకర్. డ్రైవర్ మదార్ సాహెబ్ చేతులు కట్టేసి ఉన్నాయి. గ్యాస్ కట్టర్‌తో ట్యాంకర్‌ను కోసి తీసిన పెట్టెను ముఠా మనుషులు అప్పుడే వ్యాన్‌లోకి ఎక్కించారు. పక్కనే లాప్‌టాప్‌తో, కర్నూలు ఆఫీసులో ఉండాల్సిన శివలీల.

"ఏసురాజును కూడా నువ్వే నడిపించినావా?"

శివలీల హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. "నేను నడిపింది అంకెల్ని. ఆయన అప్పటికే కదలడం మానేసినాడు."

మెహనాజ్ చేతిలో, మెడికల్ రెప్ శాంపిల్‌గా తెచ్చుకున్న ఇన్‌హేలర్ బుస్సుమంది. అందులో ఉన్నది మందు కాదు. ఘాటైన పొగకు శివలీల కళ్లు మూసుకుపోయాయి, తూటా రేకుల కప్పులోకి పోయింది. మెహనాజ్ ఆమె చేతిలోని పిస్టల్ లాక్కుంది. ఆలోగా వ్యాన్ గేటు వైపు దూకింది. మెహనాజ్ ముందు టైరుకు గురిపెట్టి కాల్చింది. వ్యాన్ అడ్డంగా తిరిగి గేటు స్తంభానికి గుద్దుకుని ఆగిపోయింది. బయట సైరన్లు మోగాయి.

కట్లు విప్పుతుంటే మదార్ సాహెబ్ ఆమె ముఖంలోకి చూశాడు. "ఏడుస్తాండావా, బేటీ?"

"పొగ, చాచా," అంది.

చీఫ్ ఫోన్ చేశాడు. "ఏమ్మా, నువ్వు చెప్పినావని పోలీసుల్నైతే పంపినా. స్క్రీన్ మీద చూస్తే ట్యాంకర్ కడప చేరిపోయింది! నువ్వు యాడుండావు?"

"చాగలమర్రిలో సార్. ట్యాంకరూ ఈడనే ఉండాది. ఈసారికి వచ్చి చేత్తో ముట్టుకుని చూడండి."