ఆపిల్ చెట్టు మూల సమాధి

ఆ తోట చివర ఆపిల్ చెట్టు మూలకి చీకటి పడ్డాక మా ఊళ్లో ఎవరూ వెళ్లరు. రాలిన పళ్లు అక్కడే కుళ్లిపోతాయి. ముప్పై ఏళ్లుగా ఎదురింట్లో ఉంటున్నాను, పిరికిదాన్నీ కాను... అయినా వెళ్లను.

పొరుగూరి పిల్ల హెస్టర్ అదేం పట్టించుకోలేదు. ఇల్లు కట్టుకుందామని ఆ తోట కొంది. అంతదాకా ఓ పాత కారవాన్‌లో, అదే చక్రాల మీది ఇంట్లో, మొగుడితో, నాలుగు నెలల టోబీతో కాపురం పెట్టింది. డిసెంబరు చలి. గోడల నిండా తడికి పట్టిన నల్లటి బూజు. పిల్లాడికి ఒకటే దగ్గు... తడి లేని ఇంట్లోకి మార్చకపోతే దక్కడని డాక్టరు చెప్పేశాడు. మా ఇంటి గోడలూ తడివే.

మా పాత ఊళ్లలో పునాది తియ్యాలంటే ముందు పురావస్తు వాళ్లు తవ్వి చూడాలి. డెస్మండ్ అనే ముసలాయన వచ్చాడు. మూడో రోజు ఆ చెట్టు కింద సమాధి తేలింది. వెయ్యేళ్ల నాటి ఆడమనిషి ఎముకలు. ఎడమ చెయ్యి మడిచి, ఏదో ఎత్తుకున్నట్టు... చేతిలో మాత్రం ఏమీ లేదు.

"పసిబిడ్డ అయ్యుంటుంది," అన్నాడు డెస్మండ్. "లేత ఎముకలు ఈ మట్టిలో కరిగిపోతాయి."

"పూడ్చెయ్యండి. చూడలేదనుకోండి," అంది హెస్టర్.

"ప్రతి ఎముకా కొలిచి బొమ్మ గీసేశాను తల్లీ. అనుమతి వచ్చేదాకా పని ఆపాల్సిందే. మార్చి దాకా పట్టొచ్చు."

"మార్చి దాకా వీడుంటాడా?"

ఆయన గోతి మీద పట్టా కప్పి వెళ్లిపోయాడు.

నాలుగున్నరకే చీకటి పడింది. మొగుడు డ్యూటీలో ఉన్నాడు. ఎముకలు తీసి వాగులో పారేస్తే ఇక ఆపేదేముందనుకుంది హెస్టర్. పిచ్చి ఆలోచనే. బిడ్డ ఊపిరాడక కొట్టుకుంటుంటే ఎవరికి మాత్రం బుద్ధి పనిచేస్తుంది?

టోబీని బుట్టలో పెట్టి గోతి గట్టున ఉంచింది. పట్టా లాగింది. పార అందుకోవడానికి అటు తిరిగింది —

దగ్గు ఆగిపోయింది.

బుట్ట ఖాళీగా ఉంది.

టార్చి వెలుగు గోతిలోకి వేసింది. ఆ మడిచిన చేతిలో... టోబీ. హాయిగా నిద్రపోతున్నాడు. గురక లేదు, ఆయాసం లేదు.

"ఇచ్చెయ్యి," అంది హెస్టర్. "వాడు నావాడు..."

లాక్కుని మా ఇంటికి పరుగెత్తుకొచ్చింది. "బుట్ట ఒరిగి జారుంటాడులే," అన్నాను. నాకే నమ్మకం కలగలేదు.

గడప దాటగానే దగ్గు మళ్లీ మొదలైంది. తెల్లారేసరికి పెదాలు నీలంగా మారాయి. అంబులెన్సు మంచులో ఎక్కడో ఇరుక్కుంది.

డెస్మండ్ కేకేస్తే తోటలోకి పరుగెత్తాను. తను గీసిన బొమ్మనీ గోతినీ మార్చి మార్చి చూస్తున్నాడు.

"వీటిని ఎవరు కదిపారు మారియన్?"

ఎముకల మీద రాత్రి కురిసిన మంచు చెదరలేదు. కానీ రెండు చేతులూ చాచి ఉన్నాయి... మా ఇంటి వైపు.

వెనక అడుగుల చప్పుడు. బిడ్డను గుండెకి హత్తుకుని హెస్టర్ వస్తోంది. నేను అడ్డం నిలబడ్డాను.

"తప్పుకో మారియన్," అంది. "ఆవిడ దగ్గర... వీడు దగ్గలేదు."