మొదటి వరసకు వినపడని క్లారినెట్

"ఈ సాయంత్రానికి ఆవిడ బతికుంటుందా లేదా అన్నది నీ చెవుల మీద ఉంది," అంటూ డైరెక్టర్ కచేరీ టికెట్‌ను బల్ల మీదుగా ముందుకు తోశాడు.

ఎదుట కూర్చున్న గూఢచారిని శాఖలో అందరూ ‘చెవి’ అనే పిలిచేవారు. మూసిన తలుపు అవతల టైపు కొడుతున్న ఉత్తరాన్ని మీటల చప్పుడును బట్టి చదవగలడని అతని మీద ఒక కథ ప్రచారంలో ఉండేది. అతను దాన్ని ఏనాడూ ఖండించలేదు. డైరెక్టర్ అతనికి స్వయానా మేనమామ. తండ్రి పోయిన పదేళ్లవాణ్ణి ఇంటికి తెచ్చుకుని, పెంచి, చదివించి, చివరికి ఈ ఉద్యోగంలోకి కూడా తానే తీసుకువచ్చాడు.

"ఎలా ఉందావిడ?" అడిగాడు డైరెక్టర్.

"కులాసాగానే ఉంది. టీలో చక్కెర ఎక్కువైందని నిన్న నన్ను రెండుసార్లు తిట్టింది."

ఆవిడ విదేశీ ముఠా దగ్గర పదకొండేళ్లు సంకేతలిపి గుమాస్తాగా పనిచేసి, ప్రాణాలకు తెగించి బయటపడిన సాక్షి. శాఖలో ముఠాకు అమ్ముడుపోయిన పెద్దమనిషి ఎవరో ఆమెకు తెలుసు. ఆ పేరు మర్నాడు ఉదయం విచారణ సంఘం ముందు తప్ప మరెక్కడా చెప్పనని భీష్మించుకుంది. ఉద్యోగుల క్వార్టర్స్‌లో ఎనిమిది అంతస్తులు, అంతస్తుకు ఎనిమిది తలుపులు. ఆమె ఏ తలుపు వెనక ఉందో ఇద్దరికే తెలుసు: ఆమెను దాచిన చెవికి, ఆమెకు మందులు తీసుకువెళ్లే ‘చిలక’కు.

చిలక డబుల్ ఏజెంట్. ముఠా జీతం తీసుకుంటూ శాఖకు పనిచేసేది. పైకి ఆర్కెస్ట్రాలో తాళవాద్యాలు వాయించే అందగత్తె. సాక్షిని సరిహద్దు దాటించినది ఆమే.

"మనం దారిలో పట్టుకున్న ముఠా కబురు, ఆ ఇంటర్‌సెప్ట్, స్పష్టంగా ఉంది," అన్నాడు డైరెక్టర్. "ఫ్లాట్ నంబర్ నాలుగు గంటల కచేరీలో, ధ్వని రూపంలో బయటికొస్తుంది. వేదిక మీద ఒకడు పంపుతాడు, హాల్లో ఒకడు అందుకుంటాడు. చుట్టుపక్కల ఫోన్లు పనిచేయకుండా జామర్లు పెట్టించాను. మన రేడియో ఒక్కటే నడుస్తుంది."

"వేదిక మీద చిలక కూడా ఉంటుంది కదా."

"రాత్రీ పగలూ ఆ పిల్ల వెనక నీ మనుషులే ఇద్దరు తిరుగుతున్నారు. ఇంకా ఏమిట్రా నీ అనుమానం? పక్కన కూర్చునేవాడెవడో దాని సంచిలో ఫ్లాట్ నంబరున్న మందుల చీటీ చూసుంటాడు. ఆ పిల్లకు నేను పూచీ, సరేనా?"

ఆ మాటతో చెవి అనుమానం తీరిపోయింది. మేనమామ పూచీపడ్డ దేన్నీ అతను అంతవరకూ రెండోసారి లెక్క చూసుకోలేదు.

"అందుకునేవాడు ముందు వరసల్లో ఉంటాడని నా అంచనా. నీకు మొదటి వరస ఇప్పించాను. నేను బయట వ్యాన్‌లో ఉంటా. నీ కాలర్ మైకు ఏది వింటే అదే నాకూ వినపడుతుంది."

నాలుగింటికి ఐదు నిమిషాల ముందు, నెరిసిన పెట్టుడు గడ్డంతో, సంగీత విమర్శకుడి నోటుబుక్కుతో చెవి మొదటి వరస పదకొండో సీట్లో కూర్చున్నాడు. కాలర్ గుండీలో మైకు, అది విన్నదంతా ఎక్కించుకునే రికార్డర్ కోటు జేబులో, చెవి వెనక వినికిడి యంత్రంలా కనిపించే రేడియో.

పక్క సీట్లోని పెద్దావిడ ఆ యంత్రాన్ని చూసి గొంతు పెంచింది. "పాపం, ఇది పెట్టుకుని మరీ ఈ వరసకొచ్చారా? దగ్గరగా కూర్చుంటే బాగా వినపడుతుందని ఎవరు చెప్పారండీ మీకు?"

"వినపడదంటారా?"

"ఎదురుగా ఉన్నవాళ్లు మాత్రమే వినపడతారు. వెనక ఊదేవాళ్ల శబ్దమంతా మన నెత్తి మీదుగా పోతుంది. వినాలనుకునేవాళ్లు పై బాల్కనీకి పోతారు. నాకంటే తప్పదు. సెల్లో అనే ఆ పెద్ద ఫిడేలు వాయించే రెండోవాడు మా అల్లుడు."

"బాగా వాయిస్తారా?"

"అదేగా నా బాధ. ఈ సీట్లోంచి వాడొక్కడే వినపడతాడు."

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజమని మొదటి ఐదు నిమిషాల్లోనే తేలిపోయింది. వేదిక అంచు అతని నుదుటి ఎత్తున ఉంది. తీగల మీద విల్లు గీసుకునే గరగర, కాగితాలు తిప్పే చప్పుడు, అల్లుడుగారి ఊపిరి: ఇవన్నీ ఒళ్లో పడ్డంత దగ్గరగా వినిపించాయి. వెనక వరసల్లో ఊదేవాళ్ల బుగ్గలు ఉబ్బడం కనిపిస్తోంది గానీ ఊదినది సగం కూడా దిగి రావడం లేదు. ఎవరు సంకేతం పంపినా అది ఫిడేళ్ల గోడ దాటితేనే అతనికి అందుతుంది.

రెండో ఘట్టం ముగిసిన నిశ్శబ్దంలో రేడియో గుసగుసలాడింది.

"ఒరేయ్, చివర ఆ క్లారినెట్ సన్నబడటం విన్నావా? ఊపిరెక్కడ ఆగిందో, స్వరమెక్కడ ఆగిందో తెలియలేదు. ప్రాణం లేచొచ్చింది."

"ఊ," అన్నాడు చెవి.

ఆ క్లారినెట్‌ను అతను వినలేదు.

విరామంలో అతను బాత్రూమ్‌లోకి వెళ్లి గడియ వేసుకుని, రికార్డర్‌ను వెనక్కి తిప్పి విన్నాడు. సెల్లోలు, పెద్దావిడ దగ్గు, మళ్లీ సెల్లోలు. రెండోసారి విన్నాడు. మూడోసారి తిప్పినప్పుడు, ఎంత సన్నగానైనా సరే, ఎక్కడో ఒకచోట ఆ క్లారినెట్ పలికితే బాగుండునని అతని మనసు బతిమాలుకుంటోంది. అది పలకలేదు. కాలర్ మైకు విననిదాన్ని వ్యాన్‌లో కూర్చున్న మనిషి వినలేడు.

చిన్నప్పుడు మేనమామ ప్రతి ఆదివారం అతణ్ణి రిహార్సల్‌కు తీసుకువెళ్లి, ఒకే పాటను వారానికొక సీటు నుంచి వినిపించేవాడు. బాల్కనీ కింద శబ్దం ఎందుకు మసకబారుతుందో, పక్క గోడ దగ్గర ఇత్తడి వాద్యాలు ఎందుకు మీద పడతాయో, పై బాల్కనీ మొదటి వరసకు సూది పడ్డా ఎలా చేరుతుందో వేలు పట్టుకుని చూపించాడు. అంత తెలిసినవాడు తనకు మొదటి వరసలో సీటు పొరపాటున ఇప్పించడు. ఇంటర్‌సెప్ట్ విచారణ సంఘం దాకా వెళ్లింది గనుక ఎవరినో ఒకరిని పంపక తప్పలేదు. ఆ పంపిన మనిషిని చెవిటివాణ్ణి చేయడానికి ఒక టికెట్ చాలింది.

గడ్డం ఊడదీసి చెత్తబుట్టలో పడేసి, చెవి మెట్లెక్కాడు.

అప్పటికి రెండో భాగం మొదలైంది. పై బాల్కనీ మొదటి వరస మధ్యలో డైరెక్టర్ కళ్లు మూసుకుని కూర్చున్నాడు. ముందున్న పిట్టగోడ మీద, బొటనవేలంత మైకు వేదిక వైపు తిరిగి ఉంది. దాని చివర ఎర్రదీపం వెలుగుతోంది. ఒళ్లోని కార్యక్రమ పత్రం అంచున, అప్పటికి అందిన సంకేతానికి లెక్కగా, పెన్సిలుతో మూడు గీతలు.

మూడో అంతస్తు. సాక్షి ఉన్నది అక్కడే, నాలుగో తలుపు వెనక.

ఖాళీగా ఉన్న పక్క సీట్లో కూర్చుని చెవి పిస్తోలు కొనను మేనమామ పక్కటెముకలకు ఆనించాడు. డైరెక్టర్ కళ్లు తెరిచి మేనల్లుణ్ణి చూశాడు. ఇద్దరూ పెదవి విప్పలేదు. ఆ మైకు విన్నదల్లా, శాఖ రేడియో మీదుగా, క్వార్టర్స్ బయట కారులో కూర్చున్న ముఠా హంతకులు వింటున్నారు.

మైకును ఆపడం క్షణం పని. ఆపితే వాళ్లకు అనుమానం వస్తుంది. అంతస్తు తెలిసిపోయింది. మిగిలినవి ఎనిమిది తలుపులు, అన్నీ పగలగొట్టడానికి రెండు నిమిషాలు చాలు.

కింద, భుజాలు కనిపించే నల్లపట్టు గౌనులో చిలక లేచి నిలబడింది. ఎడమచేతిలో ట్రయాంగిల్, మూడు మూలలుగా వంచిన ఉక్కు కడ్డీ. ఇత్తడి వాద్యాలన్నీ ఒక్కసారిగా గొంతెత్తాయి. ఆ హోరు నడుమ, కింద ఏ సీటుకూ అందనంత సన్నగా, ఆమె కొట్టింది.

ఒకటి. రెండు. మూడు. నాలుగు.

ఆమె చెయ్యి దిగేలోపు చెవి పిస్తోలును ఒళ్లోకి జార్చి, తన ఇంటి తాళంచెవిని రింగుతో వేలాడదీసి, మైకుకు జానెడు దూరంలో, నాణెంతో అదే లయలో మరో రెండు దెబ్బలు కొట్టాడు.

ఐదు. ఆరు.

మూడో అంతస్తు ఆరో తలుపు వెనక, సాక్షి ఎక్కడుందో చెప్పకుండానే అతను కాపలా పెట్టిన మనుషులు నలుగురు తుపాకులతో ఉన్నారు. పిలవకుండా లోపలికొచ్చేవాణ్ణి ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎర్రదీపం ఆరిపోయింది. కారులో ఉన్నవాళ్లకు కావలసింది అందిందన్నమాట. హాలంతా లేచి చప్పట్లు కొడుతోంది. కూర్చుని ఉన్నది వాళ్లిద్దరే.

"ఎక్కడ దొరికాను?" అడిగాడు డైరెక్టర్.

"క్లారినెట్ దగ్గర. నా సీటు దాకా అది రాలేదు మావయ్యా."

డైరెక్టర్ వేదిక వైపు తల ఊపాడు. "అనకూడదనే అనుకున్నాను రా. ఆపుకోలేకపోయాను. అలాంటిది విన్నాక నీతో కాక ఇంకెవరితో చెప్పుకోను?"

"ఆవిణ్ణి చంపించేవారా?"

"రేపు నోరు విప్పితే నాకు ఉరి."

"నాతో ఒక్క మాట చెప్పాల్సింది."

"చెబితే ఏం చేసేవాడివి?"

"అరెస్ట్ చేసేవాణ్ణి."

"మరి అదే కదా," అంటూ డైరెక్టర్ చేతులు ముందుకు చాచాడు.

దిగే మెట్ల దగ్గర ముసలి మోకాళ్లు పట్టేశాయి. చెవి అలవాటు కొద్దీ మోచెయ్యి అందించాడు. డైరెక్టర్ కూడా అలవాటు కొద్దీ, సంకెళ్లు ఉన్న చేతులతోనే, దాన్ని పట్టుకున్నాడు. కింద వేదిక తలుపు దగ్గర, తన వెనక తిరిగే ఆ ఇద్దరు మనుషుల నడుమ నిలబడ్డ చిలక వాళ్లను చూసి మొహం తిప్పుకుంది.

"నేను నాలుగే కొట్టాను," అంది, పక్కవాళ్ల రేడియోలో ‘ఆరో తలుపు’ అన్న మాట విని, ఎవరూ అడగకుండానే.

క్వార్టర్స్ నుంచి కబురు అందింది. ఆరో తలుపు దగ్గర ముగ్గురు పట్టుబడ్డారు. నాలుగో తలుపు వెనక సాక్షి, ఈ గోలకు తన నిద్ర పాడైందని ఫిర్యాదు చేస్తోంది.

మర్నాడు ఉదయం విచారణ సంఘం ఇచ్చిన ఫారాన్ని చెవి శుభ్రమైన దస్తూరితో నింపాడు. ‘నిందితుడితో మీ సంబంధం’ అన్న గడి మాత్రం రెండుసార్లు నింపాల్సి వచ్చింది. ‘మేనల్లుడు’ అని రాసి, కొట్టేసి, దాని పక్కన ఇలా రాశాడు: ‘పక్క సీటు.’