మూడో పిలుపు

ఇస్నాపూర్ల మా కిరాయి గదుల ఎనుక ఒక బాయి ఉన్నది. రెండువేల అయిదుల దానికి చెడ్డపేరొచ్చింది. అంతకుముందు అది ఉత్త బాయే. ఆడనే తానాలు జేసినం, ఆడనే బట్టలు పిండినం. ఏ దెయ్యం మా జోలికి రాలే.

ఆ పేరు తెచ్చింది టీవీవోడు. ఒకదినం మైకు వట్టుకొని వచ్చి, మిట్టమధ్యాహ్నం ఎండల ఫొటోలు దీసుకొని పోయిండు. రాత్రి టీవీల సూస్తే బాయంత చీకటి, ఎనుక గజ్జెల సప్పుడు. "ఈ బావి పేరు పెట్టి పిలుస్తుంది... తెలిసినవాళ్ల గొంతుతో... రెండే రెండుసార్లు. పలికారో—" అని ఆపి, సబ్బు అడ్వటైజు వేసిండు. మనిషైతె మూడోసారి పిలుస్తడట, దెయ్యానికి మూడోది రాదట.

నేను నవ్విన. నవ్విన గని, ఆ రాత్రి ఒంటికి పోనీకె నా పెండ్లాం సోమమ్మను తోడు లేపిన.

మా దగ్గర ఒక కట్టుబాటు ఉండె. ఫ్యాక్టరీల రెండో షిఫ్టోళ్లు చీకట్ల వచ్చి, మిషన్ల జిడ్డు బాయికాడ కడుక్కొని గదికొస్తరు. వాళ్ల కోసం రోజుకొక గదోళ్లు బాయి గట్టు మీద కందిలి ముట్టిచ్చి పెట్టాలె. టీవీల జూసిన సంది అది బందైంది.

ఒకదినం ఆ వంతు నాదొచ్చింది.

"కందిలి పెట్టవా?" అన్నది సోమమ్మ.

"నువ్వు పెట్టుపో" అన్న. ఇద్దరం కదలకుంట టీవీ ముంగట గూసున్నం.

ఎనిమిదింటికి కరెంటు పోయింది. పదకొండు గదుల టీవీలు ఒక్కపారి బందైనయ్. మా గదుల లైన్ల గంత నిశ్శబ్దం ఎన్నడు లేకుండె.

అప్పుడు... బాయి దిక్కుకెల్లి—

"సంగప్పన్నా..."

నా పేరే. గొంతు కామరాజుది. కాకినాడ దిక్కుకెల్లి వచ్చి మా పక్క గదిల ఉండెటోడు. రోజు నాతోని చాయ్ తాగెటోడు.

సోమమ్మ నా చెయ్యి గట్టిగ వట్టుకున్నది. "ఆయన రెండో షిఫ్టుకు పోయిండు గద... పది దాక రాడు."

నిజమే. టిఫిన్ డబ్బ వట్టుకొని పోతుంటె నేనే సూసిన. మరి వాని గొంతు ఇప్పుడు బాయిలకెల్లి ఎట్లొస్తది?

"సంగప్పన్నా..."

రెండోది. జెర సన్నగ వచ్చింది. నేను గొళ్లెం పెట్టి, తలుపుకు బియ్యం సంచి అడ్డం జరిపిన. పక్క గదులల్ల గూడ ఒకదానెనుక ఒకటి గొళ్లాలు పడ్డయ్. అందరు ఇన్నరు. ఎవ్వరు పలుకలే.

ఇంకొక్కసారి పిలిస్తె మనిషే... పిలిస్తె పోత, ఒట్టు, పోత అనుకున్న. ఊపిరి బిగవట్టి ఇంటున్న...

కరెంటొచ్చింది.

పదకొండు టీవీలు ఒక్కపారి మొత్తుకున్నయ్. గజ్జెలు, అరుపులు, సబ్బు పాట. నేను ఉరికి మాది బందు జేసిన. పక్కోళ్లవి గూడ బందయ్యి మల్ల ఇనేటాళ్లకు బాయికాడ సప్పుడు లేదు.

"మూడోసారి పిలువలే" అన్న. "దెయ్యమే."

అబద్ధమెందుకు, ఆ మాట అన్నంక నాకు హాయిగనిపిచ్చింది.

తెల్లారకముందే ఆగమ్మ కేకలు వెట్టింది. ఎనుక గుడిసెల ఉండే ముసలామె, ఆమెకు టీవీ లేదు. ఎప్పటిలెక్కనే నీళ్లకు పోయింది. మేమంత ఉరికినం. బాయిల మోటరు పైపును కావలిచ్చుకొని, మెడదాక నీళ్లల్ల కామరాజు. తాడేసి గుంజినం. పానం ఉన్నది. ఫ్యాక్టరీల మాకంటె ముందే కరెంటు పోతె జల్దీ ఇడిచిపెట్టిన్రట. చేతులు కడుక్కోనీకె వస్తె, కందిలి లేక గట్టు కానరాలేదు.

కంబలి కప్పిన. నా దిక్కు సూసిండు. కోపం లేదు, దానికే నాకు ఎక్కువ భయమైంది. అరిచి అరిచి గొంతు పోయింది. వాని నోటికాడ చెవి పెట్టిన.

"మూడుసార్లు పిలిచాను కదన్నా..."

ఆ నెలనే గది ఖాళీ జేసి పోయిండు. టీవీవోడు మల్లొచ్చి, బాయి మనిషిని గుంజుకున్నదని రెండు రాత్రులు సూపెట్టిండు. ఇప్పటికీ కరెంటు పోయి లైనంత సప్పుడు లేకుంట అయితె నాకు ఇనవడ్తది. ఆ దినం ఇనరానిది... ఒక్కటేసారి.

"వస్తున్న తమ్మీ" అనుకుంట కందిలి ముట్టిచ్చుకొని పోత. బాయిల ఎవ్వరుండరు.