డ్యూటీకి పిలిచిన చిలక

కాంతం తెల్లవారి లేచి చూసేసరికి పక్క మంచం ఖాళీగా ఉంది, మేకుకుండే ఖాకీ చొక్కా లేదు, గూట్లో ఉండాల్సిన టిఫిన్ క్యారియర్ కూడా లేదు.

ఆమె భర్త గురునాథరావు రైలింజను దిగి అప్పటికి ఐదు నెలలు. కళ్ళ పరీక్షలో తప్పాడని, మూడేళ్ళ సర్వీసు మిగిలి ఉండగానే ఇంట్లో కూర్చోబెట్టారు. తన కళ్ళకేమీ కాలేదని, పరీక్ష చేసినవాడిదే పొరపాటని ఆయన ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నాడు. ఎంత వాదించినా డ్యూటీ అయితే లేదు. ఖాకీ తొడుక్కుని ఎటు వెళ్ళినట్టు?

కొడుకు శంకరాన్ని తట్టి లేపింది. అది ఎనభై మూడో సంవత్సరం. స్టీలు ప్లాంటు ఇంకా గోడల దశలోనే ఉంది, శంకరం అక్కడ ఫిట్టరు. ఆదివారం కాబట్టి ఇంట్లో దొరికాడు. చొక్కా గుండీలు పెట్టుకోకుండానే వీధిలోకి దూకాడు గాని, ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. కంచరపాలెం గేటు దగ్గరే, యార్డులో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్ సూరన్న ఎదురొచ్చాడు, గురునాథరావు జబ్బ గట్టిగా పట్టుకుని. యార్డులో పట్టాల మధ్య కనబడ్డాడట. అంతకు మించి ఏం జరిగిందని అడిగితే సూరన్న గురునాథరావు వైపు ఒకసారి చూసి నోరు మెదపలేదు. ఇంటి దాకా తెచ్చి దిగబెట్టి, వెళ్ళేముందు కాంతంతో ఒక్క మాటే అన్నాడు.

"అక్కా, బావనొక్కణ్ణీ వదలకండి."

గురునాథరావు వసారాలో కూర్చుని, చూరుకి వేలాడుతున్న పంజరం వైపు చెయ్యి చూపించాడు.

"అది పిలిసింది కాంతం. నిద్దర్లో ఎల్లాజీ వొచ్చాడనుకున్నాను. లేసి ఎల్లిపోనాను."

ఎల్లాజీ అంటే కాల్‌బాయ్. అరవైకి దగ్గరపడినా రైల్వేలో ఆ పని చేసేవాణ్ణి బాయ్ అనే అంటారు. ఏ డ్రైవరుకి ఏ వేళ బండి పడిందో పుస్తకంలో రాసుకుని, సైకిలు మీద ఇంటింటికీ తిరిగి, పిలిచి, సంతకం పెట్టించుకోవడం అతని ఉద్యోగం. సైకిలెక్కే ముందు తన వసారాలోనే ఆ పిలుపు ఒకసారి గొంతెత్తి అనుకునేవాడు. వినీ వినీ అతని చిలక కూడా నేర్చేసింది. మూడు వారాల క్రితం అతను రిటైరయ్యాడు. పద్మనాభంలో కూతురింటికి వెళ్ళిపోతూ, అక్కడ పిల్లుల బెడద ఉందని, చిలకని తెచ్చి గురునాథరావు చేతిలో పెట్టాడు.

"డ్రైవర్ బాబూ, కాల్! సంతకం పెట్టండి!"

అచ్చం ఎల్లాజీ గొంతే. మొదటిసారి విన్నప్పుడు కాంతం పైట సర్దుకుని గుమ్మంలోకొచ్చి, వీధంతా వెతికి చూసింది.

శంకరం ఆ పూటే తేల్చేశాడు. పంజరాన్ని సింహాచలం కొండకి పట్టుకెళ్ళి తలుపు తీసేస్తానన్నాడు. అతని భార్య నాగమణి వెంటనే సరేనంది. వచ్చిన రెండో రోజే ఆ చిలక ఆమె వేలు కొరికింది. రెక్కలు కత్తిరించిన పిట్ట కొండ మీద గద్దకి ఒక్క పూట ఆగదని కాంతానికి తెలుసు. పైగా అది వచ్చాకే భర్త ఇంట్లో నాలుగు మాటలు మాట్లాడుతున్నాడు. అలాగని మొగుణ్ణి పట్టాల మీదికి తోలే పిట్టని ఎలా ఉంచుకోవడం? ఆమె నలభై రోజులు గడువడిగింది. ఈలోగా ఆ మాట మాన్పించలేకపోతే తన చేత్తోనే కొండకి తీసుకెళతానంది.

మర్నాడు బస్సెక్కి పాతనగరం వెళ్ళి, పంజరాలు అల్లే గఫూర్‌ని పట్టుకుంది. అతను తీగ వంచుతూనే ఉపాయం చెప్పాడు. చిలకని తిట్టకూడదు, కసరకూడదు. తిట్టు కూడా దాని లెక్కలో జవాబే. పాత మాట అన్నప్పుడల్లా ఇంట్లో అందరూ వీపు తిప్పేయాలి. కొత్త మాట అన్నప్పుడు మాత్రం పచ్చిమిరపకాయ ముక్కుకి అందించాలి.

"జవాబు రాని మాటని చిలక ఎన్నో రోజులు మొయ్యదక్కా," అన్నాడు. "ఇంట్లో ఒక్కరు తప్పినా మాత్రం మళ్ళీ మొదటికే."

కొత్త మాట కాంతమే ఎంచింది. డ్యూటీకి రమ్మన్న నోటితోనే కూర్చోమనిపించాలని ఆమె పట్టుదల. రోజూ పొద్దున్నే, పంజరం మీది గుడ్డ తీయకముందు, "కూకో బాబూ, కూకో" అని నోరు నొప్పి పుట్టేదాకా చెప్పేది.

పది రోజులు చిలక మొండికేసింది. పిలుపు మీద పిలుపు పిలిచింది. శంకరం వీపు తిప్పాడు, నాగమణి వీపు తిప్పింది, గురునాథరావు కూడా గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదిహేనో రోజున దాని గొంతు తగ్గింది. ఇరవయ్యో రోజున "కూకో" అంది. ఇక ఆ తర్వాత దానికి పట్టపగ్గాల్లేవు. పోస్టుమాన్ని కూర్చోమంది, కరెంటు బిల్లు తెచ్చినవాణ్ణి కూర్చోమంది, వాకిట్లో తిరిగే కోళ్ళని కూడా కూర్చోమంది. అత్త కంటే దీనికే మర్యాదెక్కువని నాగమణి నవ్వింది. ముప్పయ్యో రోజుకి పాత మాట పూర్తిగా పోయింది. కాంతం సింహాచలం అప్పన్నకి కొబ్బరికాయ మొక్కుకుంది.

గడువింకా ఐదు రోజులుందనగా, ఆదివారం పొద్దున్న అందరూ వసారాలో టీ తాగుతున్నారు. చిలక మెడ వంచి వాళ్ళని ఒక్కొక్కరినే చూసింది.

"డ్రైవర్ బాబూ, కాల్! సంతకం పెట్టండి!"

నిన్ననే నేర్చుకున్నంత స్పష్టంగా ఉంది. శంకరం గ్లాసు కింద పెట్టి, లేచి, పంజరం కొక్కెం మీద చెయ్యి వేశాడు.

"ఆగరా," అంది కాంతం. "ఇది దానంతటది వొచ్చిన మాట కాదు. ఎవులో జవాబు సెప్పారు. ఎవులో మళ్ళీ నేర్పారు."

ఎవరు? ఆమె బుర్ర చకచకా లెక్కేసింది. శంకరం తెల్లవారకుండానే ప్లాంటు బస్సెక్కేస్తాడు. తను పాల డిపోకి, అటు నుంచటే కూరలకి వెళ్ళి వచ్చేసరికి గంట పడుతుంది. ఆ గంటసేపు ఇంట్లో ఉండేదెవరు? పిట్టని వదిలేద్దామని మొదట్నుంచీ అంటున్నదెవరు? కాంతం చూపు కోడలి మీద ఆగింది.

"నువ్వే కదే. అది పోవాలని నువ్వే నేర్పావు. మీ మావయ్య పేణంతో ఆటలేటి నీకు?"

నాగమణి గ్లాసు కింద పెట్టి లేచింది.

"ఆ యేలకి నాను గుమ్మం కనబడేలా వీధి కొళాయి కాడ బిందెలతో నిలబడుంతాను అత్తా. దాని పక్కకెల్లడానికే నాకు బయ్యం. మాటలు నేర్పుతానా?"

కాంతం వినిపించుకోలేదు. పెళ్ళయిన రెండేళ్ళలో ఏనాడూ అనని మాటలన్నీ అంది. కోడలికి ఈ ఇంటి మనుషులు బరువయ్యారంది, మామగారు పట్టాల మీద పడితే పీడ విరగడవుతుందని కాచుకుందంది. శంకరం మధ్యలోకొచ్చి, పిట్ట కోసం కోడల్ని గెంటేసుకుంటావా అమ్మా అని అడిగినా ఆగలేదు. నాగమణి లోపలికి వెళ్ళి, రెండు చీరలు సంచిలో కుక్కుకుని బయటికొచ్చింది. కొత్తవలసలో పుట్టింటికి వెళ్ళే బండి ఇంకో గంటలో ఉంది.

అంతసేపూ గోడవైపు తిరిగి కూర్చున్న గురునాథరావు అప్పుడు లేచాడు. స్తంభాన్ని తడుముకుంటూ వచ్చి, కోడలికి అడ్డంగా గుమ్మంలో నిలబడ్డాడు.

"సంచీ లోపలెట్టమ్మా," అన్నాడు. "కోడల్ని అనకు కాంతం. పిట్టకి మళ్ళీ నేర్పింది నానే."

కాంతం భర్త వైపు తిరిగింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆయన తలొంచుకుని నిలబడడం ఆమె చూడలేదు. ఏం చెయ్యాలో తోచక కోడలి దగ్గరికి వెళ్ళి, చేతిలో సంచీ తీసుకుంది. తన నోరు పడిపోనూ, అని గొణిగింది. నాగమణి ఏడుస్తూనే అత్త భుజానికి తల ఆనించింది. గురునాథరావు వాళ్ళెవరి వైపూ చూడలేదు. గడప మీద కూర్చుని, నెమ్మదిగా మొదలుపెట్టాడు.

"ముప్పై ఏళ్ళు ఎల్లాజీ మన గుమ్మం కాడికొచ్చి పిలిసీవోడు. నానెల్తే గాని బండి కదిలీది కాదు. ఇప్పుడు మీరంతా నాకు బాగానే సేత్తన్నారు, కాదన్ను. సేప ముల్లు తీసి పెడతన్నారు. సేతిలో బరువుంటే లాగేసుకుంతన్నారు. పొద్దున్న లేసిన కాణ్ణుంచి కూకో అంతన్నారు. ఆకరికి పిట్ట సేత కూడా అదే అనిపించినారు. మీరు పాలకీ నీళ్ళకీ ఎల్లిపోయాక పంజరం కాడ నిలబడి దాన్ని బతిమాలీవోణ్ణి, ఒక్కసారి పిలవమని. మరిసిపోతే మాట అందించాను. అది పిలిస్తే, వొత్తన్నాను ఉండవో అనీవోణ్ణి. అంతే. ఎక్కడికీ ఎల్లనేదు."

గడప అంచు పట్టుకుని మళ్ళీ మాట్లాడాడు.

"ఇంకోటుంది. ఆ రోజు పిట్ట నన్ను పిలవనేదు. గుడ్డ కింద పడుకునే ఉంది పాపం. నానే లేసి ఖాకీ తొడుక్కున్నాను. ఇంజన్ల షెడ్డుకెల్లి, ఇదిగో సూడండి, ఒక్కణ్ణే నడిసొచ్చాను, నా కళ్ళు బాగున్నాయి అని సెప్దామనుకున్నాను. సగం దూరమెల్లాక పట్టాలేవో నేలేదో తెల్లేదు. కూత ఇనబడింది, ఎటు నుంచో తెల్లేదు. మీకు సెప్పడానికి సిగ్గేసి పిట్ట మీద పెట్టీసాను, సూరన్న సేత ఒట్టేయించుకున్నాను. ఆ ఇంజను డ్రైవరు నన్ను సూసి బ్రేకేసాడు కాంతం. నాను ఇంజన్ని సూడనేదు."